ఒలవడం ఏకవచనం

పదో తరగతి బీ సెక్షన్, యూనిట్ టెస్టు కాగితాలు.
కరెంటు పోయింది.
ఇసకపల్లి బడి కిటికీలోంచి
జనరేటర్ల మీద తిరుగుతున్న ఏరేటర్ల చప్పుడు,
రొయ్యల గుంటల మీది నుంచి ఉప్పుగాలి.

కొమారి జయంతి రాసింది:
పీలింగ్ ప్రాన్స్ ఆర్ మై మదర్స్ వర్క్.
ఆర్ కింద ఎర్రగీత గీశాను.
పక్కన ఈజ్ అని రాసి అర మార్కు కోశాను.
ఇరవై రెండేళ్లుగా కోస్తున్న అర మార్కే అది,
చెయ్యి దానంతటదే కోస్తుంది.

మర్నాడు కాగితం పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.
"ఆర్ ఎందుకు పెట్టావమ్మా?"
"ఆరు టబ్బులు సార్, ఒక్క పూటకి."
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ పిల్ల నవ్వలేదు.

సుద్దముక్క తీసుకున్నాను.
వాక్యానికి పెద్ద ఎవరో చూడాలి, అన్నాను.
రొయ్యలు వేలకు వేలు ఉండొచ్చు,
క్రియ మీద వాటికి పెత్తనం లేదు.
ఒలవడం ఒక్కటే.
వలలు అల్లడం ఒక్కటే. అప్పులు తీర్చడం ఒక్కటే.
ఎన్ని బహువచనాలు తగిలించుకున్నా
పని మాత్రం ఒంటిది, దానికి ఈజ్ చాలు.
మన తెలుగులోనూ అంతేగా,
రొయ్యలు ఒలవడం కష్టంగా ఉంది అంటాం,
ఉన్నాయి అంటామా?

"మాయమ్మ అంటది సార్.
ఏళ్లు నొప్పులుగా ఉండాయి అంటది."

చేతివేళ్లా, గడిచిన ఏళ్లా
నేనడగలేదు.
బెల్లు కొట్టారు.

తెల్లారుజామున నాలుగుకి కంపెనీ వ్యాను వస్తుందట.
నీలం టోపీలు, మోకాళ్ల దాకా బూట్లు,
మంచు పోసిన స్టీలు బల్లకి అటూ ఇటూ నిలబడి
తల తుంచి, డొక్క ఒలిచి, నల్లనరం లాగి
అవతల పడెయ్యాలట.
గ్లౌజులిస్తారు గానీ
వాటితో చెయ్యి సాగదట, కిలోకింతని కూలి కదా.
ఇదంతా జయంతి ఇంకో కాగితంలో రాసింది,
మై విలేజ్ అనే వ్యాసంలో.
అందులో తప్పులు దిద్దాను.

ఆదివారం చౌకదుకాణం పక్కన
ఎండకి తాళలేక స్కూటరు ఆపాను.
చెంగమ్మ మిషను మీద బొటనవేలు పెట్టింది.
ఒప్పుకోలేదు.
చూపుడువేలు. ఒప్పుకోలేదు.
కొంగుకి తుడిచి, నోటి ఆవిరి ఊది, మళ్లీ.
ఎడంచెయ్యి. చిటికెనవేలు.
డీలరు తల ఎత్తకుండానే అన్నాడు:
"సరిపోలడం లేదమ్మా. ఎవురైనా వేరేవాళ్లని పంపీ."

సరిపోలాలి, కర్తకీ క్రియకీ సరిపోలాలి
అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి నేనే.
కర్మ స్థానంలో రొయ్యలే ఉన్నాయనుకున్నాను.
మంచూ ఉప్పూ రొయ్యకొమ్ములూ కలిసి
ఆ పది వేళ్ల మీద గీతలు కూడా ఒలిచేశాయని
ఏ వ్యాకరణంలో చదవాలి?

నన్ను చూసి చెంగమ్మ
చేతులు రెండూ కొంగులోకి లాక్కుంది,
దొంగసొత్తేదో పట్టుబడ్డట్టు.
ఖాళీ సంచి పట్టుకుని పక్కన జయంతి.
"నమస్తే సార్" అంది, ఎప్పట్లాగే.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కపెట్టాను:
మోటారు ఆగింది. పని అయింది. వాన వచ్చింది.
చెంగమ్మ వచ్చింది.
మగవాడికి విడిగా ఒక 'డు' చేసిపెట్టిన భాష
చెంగమ్మనీ చెంగమ్మ పనినీ
ఒకే క్రియకి కట్టేసింది.
తెలుగు మాస్టారు హజరత్తయ్యని అడిగితే
"అది సూత్రం, దానికంత ఆలోచన దేనికి" అన్నాడు.
నేనూ పిల్లలకి అదేగా చెప్పేది.

అర్ధ సంవత్సర పరీక్ష. ఇరవై మూడో కాగితం.
సొంతవాక్యం రాయుము.
పీలింగ్ ప్రాన్స్ అండ్ హైడింగ్ హర్ హాండ్స్
ఆర్ మై మదర్స్ వర్క్.

అలవాటుగా ఆర్ మీదికే పోయింది ఎర్రపెన్ను.
ఆగింది.
పనులు రెండైతే ఆర్ వస్తుందని
ఆ క్లాసుకి నేనింకా చెప్పనేలేదు.